పద్దెనిమిదో మెట్టు

చిన్నప్పుడు ఆమెను ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచేవారు. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడేది కాదు. పెద్దయ్యాక ఆ నోరే ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఒక ఇంటర్నెట్ కంపెనీలో, ఫోన్ చేసినవాళ్ళ ఫిర్యాదు విని ఏం చేయాలో చెప్పే పని. నలభై కుర్చీల హాలు, ప్రతి కుర్చీకి మూడు వైపులా బూడిదరంగు అట్టగోడలు, చెవులు నొక్కేసే హెడ్‌ఫోన్లు. ఆమెది కిటికీ వైపు వరసలో ఏడో కుర్చీ. పేరుకు కిటికీ గానీ, దానికి నల్లకాగితం అంటించడం వల్ల బయట ఎండో వానో తెలిసేది కాదు.

చేరిన ఏడాదికే ఇంట్లో ఆమె మాట కరువైంది. "నీ మాటలన్నీ ఆఫీసువాళ్ళే వాడేసుకుంటే నాకు మిగిలేది గిన్నెల చప్పుడేనటే?" అని తల్లి ఎత్తిపొడిచేది. ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వితే బదులు చెప్పక్కర్లేదు కదా.

నిజానికి ఆఫీసులో ఆడే మాటలూ ఆమెవి కావు. కంప్యూటర్ తెర మీద ఎడమవైపు ఒక జాబితా ఉండేది. దాన్ని వాళ్ళు మెట్లు అనేవారు. మొత్తం పద్దెనిమిది. "రూటర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వేయండి" అన్నది మొదటి మెట్టు. ఒక్కొక్కటీ చదవాలి, చేశారా అని అడగాలి, పక్క గడిలో టిక్కు పెట్టాలి. పద్దెనిమిదీ అయిపోయినా పని జరగకపోతే "లోపం వినియోగదారుడి పరికరంలో ఉంది" అని రాసి ఫిర్యాదు మూసేయాలి.

కుట్టుమిషన్ల మేస్త్రి మొదటిసారి ఫోన్ చేసింది ఒక సోమవారం, పదకొండు గంటల వేళ.

"అమ్మా, నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. కంప్యూటర్ నాకు కొత్త. తెలీక ఏమన్నా తప్పుగా అంటే ఏమనుకోకు."

"చెప్పండి సర్, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంది ఆమె, జాబితాలో ఉన్నది ఉన్నట్టు.

ఆయన చెప్పుకొచ్చాడు. నలభై ఒక్కేళ్ళుగా అదే పని. మామూలు మిషన్లే కాదు, పుస్తకాల వెన్ను కుట్టేవి, చెప్పుల అడుగు కుట్టేవి, చేతితొడుగుల వేళ్ళు కుట్టేవి కూడా ఆయన చేతిలో పడేవి. వాటిని తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. ఏదైనా ముక్క విరిగితే ఎక్కడా దొరకదు. అందుకని చేతికి వచ్చిన ప్రతి మిషన్నూ విప్పి, ఒక్కో ముక్కనూ కొలిచి, కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీసి పెట్టుకునేవాడు. బొమ్మ ఉంటే లేత్ మిషన్ పట్టేవాడెవడైనా అలాంటి ముక్కే చేసి ఇస్తాడు. అలా ఆరువేల పైచిలుకు కాగితాలయ్యాయి. రెండేళ్ళ కిందట కప్పు కారి అవన్నీ తడిసి బూజు పట్టాయి. కోడలు ఎనిమిది నెలలు కూర్చుని ఒక్కొక్కటీ విడదీసి స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ముట్టుకుంటే పొడి రాలే ఆ కాగితాలను తర్వాత పారేశారు.

"ఇప్పుడు నాకు కళ్ళలో నీటికాసులమ్మా. చూపు అంచుల్నుంచి తరుగుతూ వస్తోంది. చేతనయినప్పుడే ఇవి నాలాంటి వాళ్ళకి అందించాలి. నలభై మంది మెకానిక్‌లం ఫోన్‌లో ఒక గ్రూపుగా ఉన్నాం, తలో ఊళ్ళో. అందులో ఒకాయన ఈ ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. నా కంప్యూటర్లోంచి నేరుగా వాళ్ళ కంప్యూటర్లోకి పోతాయంట. తీసుకున్నవాడి దగ్గర్నుంచి ఇంకొకడికి పోతాయంట. నేను పోయినా ఆగదంట. కానీ ఎవరికీ ఒక్క బొమ్మ కూడా పోవట్లేదు. సున్నా దగ్గరే నిలబడి ఉంది. పోర్టు మూసుందని చూపిస్తోంది. పోర్టు అంటే ఓడరేవు కదా, మన దగ్గర సముద్రమెక్కడ ఏడ్చిందమ్మా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుని మొదటి మెట్టు చదివింది.

ఆ రోజు నాలుగు మెట్లు అయ్యాయి. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు ఆయన ఫోన్ చేసేవాడు. ఫిర్యాదు నంబరు ఆమె పేరు మీదే ఉంది కాబట్టి ఎటు తిరిగినా ఆమెకే వచ్చేది. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్‌కి ఈ సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకోవద్దని చెప్పించింది. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి పోర్టు, అంటే బయటివాళ్ళు లోపలికొచ్చే తలుపు, దాని అంకె రాయించింది. ఐదంకెల నంబరు, ఆయన భూతద్దం పట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టేవాడు. కొట్టాక పోర్టు పరీక్షించే పేజీ తెరవమనేది. "మూసి ఉంది" అని చదివేవాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ.

"నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానమ్మా. కుట్టు పడకపోతే మిషన్ది తప్పు కాదు, దారం ఎక్కించినవాడిది తప్పు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

మళ్ళీ మొదటినుంచీ చెప్పేది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం టీ మిషన్ దగ్గర నెట్‌వర్క్ గది ఇంజనీరు కనిపిస్తే ఈ సంగతి అడిగింది. అతను కప్పు ఊదుకుంటూ, "ఏ పేట?" అన్నాడు. చెప్పింది.

"అక్కడ నాలుగొందల ఇళ్ళకి కలిపి బయటికి ఒకటే అడ్రసు. లోపల ఎవరి తలుపు వాళ్ళు ఎంత బార్లా తీసుకున్నా వీధి గేటు మన దగ్గర మూసే ఉంటుంది. బయటివాళ్ళు ఆయన దాకా రాలేరు. అవతలి ఊళ్ళలో వాళ్ళకీ ఇదే కథ అయ్యుంటుంది. ఇటో అటో ఒకవైపన్నా తెరిచుంటేనే పని జరుగుతుంది."

"మరి ఆయన ఏం చేస్తే తెరుచుకుంటుంది?"

"ఏం చేసినా తెరుచుకోదు."

"మరి ఈ మెట్లెందుకు?"

"ఎక్కేవాళ్ళకి ఎక్కుతున్నట్టు ఉండాలిగా" అని అతను కప్పు చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఫోన్‌లో చెప్పకూడదు. ఉమ్మడి అడ్రసు అనే మాట నోటివెంట రాకూడదని జాబితా అడుగున ఎర్రక్షరాల్లో రాసే ఉంది. ప్రతి కాల్ రికార్డవుతుంది. ఆమె ముందు వరసలోని పిల్ల ఒకతె ఎవరికో ఆ సంగతి చెప్పిన మర్నాడే కుర్చీ ఖాళీ అయింది. ఇటు తన ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. తల్లికి మోకాళ్ళు పనిచేయవు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది బతుకు.

మనసొప్పక ఒకసారి చుట్టు తిప్పి అడిగింది. "మేస్త్రి గారూ, అందాకా ఎవరో ఒకరికి డిస్క్‌లో ఎక్కించి పోస్టులో పంపొచ్చు కదండీ?" ఆయన్ను సర్ అనకుండా మేస్త్రి గారూ అనడం అదే మొదలు.

"రేపో మాపో సరవుతుందని మీరే అంటున్నారుగా. మళ్ళీ ఆ పోస్టు గోలెందుకమ్మా?" అన్నాడాయన.

అవును, అంటున్నది తామే. ప్రతి కాల్ చివరా "మీ సమస్య త్వరలో పరిష్కారమవుతుంది" అని చదివేది ఆమే. ఆ పూట కూడా చదివింది.

డెబ్బయ్యో రోజున ఆ ఫిర్యాదు తెర మీద ఎర్రగా మారింది. టీమ్ లీడర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఇదింకా తెరిచే ఉందేంటి? పదిహేడు అయిపోయాయిగా. పద్దెనిమిదోది చెప్పేసి మూసెయ్" అన్నాడు.

పద్దెనిమిదో మెట్టు అంటే కంప్యూటర్‌ని కొన్నప్పటి స్థితికి తీసుకెళ్ళడం. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. దాని వల్ల పోర్టు తెరుచుకోదని ఆమెకు తెలుసు. టీమ్ లీడర్ కదలకుండా అక్కడే నిలబడ్డాడు. ఆమె మేస్త్రికి తనే ఫోన్ చేసింది. ఆయన సంబరపడ్డాడు. "నువ్వే చేశావా! అయితే ఇవాళ అయిపోతుంది" అన్నాడు.

ఏం చేయాలో చదివింది. నియమం ప్రకారం అడగవలసిన ప్రశ్న అడిగింది. "మీ ఫైళ్ళకి వేరే కాపీ ఉందాండీ?"

"ఉందమ్మా. సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను కదా పంచుకోడానికి. ఆరువేలూ అందులోనే ఉన్నాయి."

ఆయన అనుకుంటున్నదేమిటో ఆమెకు అర్థమైంది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టడమంటే ఎక్కడో ఇంకో చోట దాచడమని ఆయన లెక్క. కానీ పంచాలంటే తీసుకునేవాళ్ళు ఆయన కంప్యూటర్ దాకా రావాలి. ఎవరూ రాలేదు. లోకం మొత్తానికి ఆ బొమ్మలున్నది ఆయన బల్ల కింది పెట్టెలోనే. 'ఆగండి' అనడానికి నోరు తెరిచింది. టీమ్ లీడర్ వేలితో తెర మీది గడిని తట్టాడు. ఆమె నోరు మూసుకుంది. కాపీ ఉన్నట్టు టిక్కు పెట్టింది.

"నొక్కమంటావా?" అన్నాడు మేస్త్రి.

"నొక్కండి" అంది.

మర్నాడు పదకొండింటికి ఫోన్ వచ్చింది. గొంతు వేరుగా ఉంది.

"అమ్మా, సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసుకున్నాను. అందులో ఏమీ లేదు. బొమ్మలెక్కడికి పోయాయి? ఏ పేజీలో చూడాలో చెప్పు."

ఆమె జాబితా వైపు చూడకుండా మొత్తం చెప్పేసింది. ఉమ్మడి అడ్రసు, వీధి గేటు, మొదటిరోజు నుంచీ ఏ మెట్టుకూ అర్థం లేకపోవడం, నిన్న ఆయన జవాబులో పొరపాటు తనకు తెలిసీ ఆపకపోవడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా ఆగలేదు.

అవతల మేస్త్రి ఆ ఐదంకెల నంబరు ఒకసారి పైకి చదువుకున్నాడు.

"అంటే నంబరు నేను సరిగ్గానే కొట్టాను" అన్నాడు. "నాకు కనబడక తప్పు కొడుతున్నాననుకున్నాను. స్కాన్‌లో తేడా చేశావని కోడల్ని కూడా తిట్టాను." ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి ఆమెను లోపలికి పిలిచారు. రికార్డు వినిపించారు. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. అయితే అన్న మాటలు మాత్రం, ఆ కుర్చీలో కూర్చున్నాక మొదటిసారి, తనవే. గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. బయట వాన పడుతోంది.

ఆదివారం నాడు ఆయన ఇంటికి వెళ్ళింది. చిరునామా ఫిర్యాదులో చూసి గుర్తుపెట్టుకున్నదే. రెండు గదుల ఇల్లు, ముందు గదంతా విప్పిన మిషన్లు, నూనె వాసన. కోడలు తలుపు తీసి, ఎవరో తెలిసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కకి జరిగి నిలబడింది. మేస్త్రి కిటికీ వెలుగులో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మిషన్ అడుగున దారం అందించే షటిల్ బొమ్మ ఏదో జ్ఞాపకం మీద మళ్ళీ గీస్తున్నాడు. రెండు గీతలు కలవాల్సిన చోట కలవకుండా పక్కపక్కనుంచి పోయాయి. ఆయనకు అది కనిపించడం లేదు.

"నీకు తెలుసు కదమ్మా" అన్నాడు తలెత్తకుండా. "మరి ఎందుకు ఆపలేదు?"

దారి పొడుగునా పేర్చుకున్న జవాబులు చాలా ఉన్నాయి. వాటిని వదిలేసి ఆమె ఆయన బల్ల కింది పెట్టె వైపు చూసింది.

డిస్క్ ఇస్తే చెరిగిన ఫైళ్ళు బయటికి తీసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తానంది. కోడలే కంప్యూటర్ విప్పి డిస్క్ తీసి చేతిలో పెట్టింది. "వేళ్ళకి నీళ్ళపొక్కులొచ్చేలా విడదీశానండీ ఆ కాగితాలు" అంది, కోపంగా కాదు, ఎవరికో ఒకరికి చెప్పాలన్నట్టు.

ఆ షాపువాడు తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. కొండను తవ్వితే దొరికినవి రెండువందల చిల్లర. వాటిలో చాలావాటికి పైసగం బొమ్మ, కిందిసగం బూడిదరంగు పొర. పూర్తిగా ఉన్నవి ముప్పై ఒకటి. మేస్త్రి భూతద్దంతో తెరకు ముక్కు ఆనించి ఒక్కొక్కటే చూశాడు. ఆమె పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పేజీలు తిప్పింది. చేతితొడుగుల మిషన్ది ఒక్కటీ లేదు. పుస్తకాల మిషన్ది ఒక ఇరుసు మాత్రం ఉంది.

"ఇవి ఇళ్ళలో వాడే మిషన్లవి" అన్నాడు. "ఏ షాపులో అడిగినా ముక్కలు ఇస్తారు. వీటికి నా బొమ్మతో పనేముంది?"

అయినా ఆమె ఆ ముప్పై ఒకటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆయన గ్రూపులోని ఒక మెకానిక్‌కి పోస్టులో పంపింది. అందాయని వారానికి కబురొచ్చింది. చాలా బాగున్నాయి, మిగతావి ఎప్పుడు పంపుతారని అడిగాడట. ఆ మాట మేస్త్రికి కోడలు చదివి వినిపించింది. ఏం జవాబు రాయమంటారు అంటే ఆయన పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె ఇంకో రెండు ఆదివారాలు వెళ్ళింది. ఆయన చెబుతుంటే గీద్దామని ప్రయత్నించింది. ఆమెకు మిషన్ ముక్కల్లో క్యామ్ ఏదో ఇరుసేదో తెలియదు, ఆయనకు గీత కనపడదు. మూడో ఆదివారం తల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి అనుకుంది. నాలుగో ఆదివారానికి ఆ సాకు కూడా వెతుక్కోలేదు.

ఇప్పుడు ఆమె ఒక బస్సుల డిపోలో విచారణ కిటికీ దగ్గర కూర్చుంటుంది. పాత ఉద్యోగంలో వచ్చినదానికి సగం జీతం. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే, రాదని తెలిసినప్పుడు రాదనే చెబుతుంది. జనం విసుక్కుంటారు, కొందరు నోటికొచ్చినట్టు తిడతారు. ఇంట్లో మాత్రం మాట తిరిగి రాలేదు. తల్లి అన్నం వడ్డిస్తూ, "ఏమే వసపిట్టా, ఇవాళ ఏమైందో చెప్పవే" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

"ఏముంటుందమ్మా" అంటుంది ఆమె, కంచం దగ్గరికి లాక్కుంటూ.