ఫ్యాన్ల మేస్త్రీ, ఆయన తమ్ముడు

ఫ్యాన్ల మేస్త్రీ అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. కాలిపోయిన మోటారుకు ఆయన కొత్త తీగ చుట్టి ఇచ్చాడంటే పదేళ్లు మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు. ముప్పయ్యేళ్లుగా పొద్దున ఎనిమిదింటికల్లా కొట్టు తీసేవాడు. నలతగా ఉందనడం పనిదొంగల సాకు అని ఆయన నమ్మకం. ఆ మాట అందరికన్నా ఎక్కువగా పడ్డవాడు సొంత తమ్ముడే. తమ్ముడికి ఏడాదిలో రెండు మూడు నెలలు మంచం దిగబుద్ధి కాదు. తిండి సయించదు, మాట పెగలదు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, వీడు పడుకుని తింటున్నాడు" అని అన్న నలుగురిలోనూ ఎగతాళి చేసేవాడు.

యాభై నాలుగో ఏట ఒక మధ్యాహ్నం, తీగ చుడుతుండగా మేస్త్రీ కుడిచెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. మెదడుకు రక్తం అందక పక్షవాతం వచ్చిందన్నారు ఆసుపత్రిలో. మూడు వారాలకు కాలు స్వాధీనంలోకి వచ్చింది, వేళ్లు కొద్దిగా కదిలాయి. ఇంటికి పంపారు. మనిషి మాత్రం లేవలేదు. వ్యాయామం చేయించడానికి వచ్చినామెను వెనక్కి పంపేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య బతిమాలింది, కసిరింది, చివరికి విసిగిపోయి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ ఇంటిల్లిపాది సంగతులూ అడిగింది. అత్తగారు నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడేది కాదని, ఆవిడ తండ్రి పక్షవాతంతోనే పోయాడని, మరిది కూడా తరచూ మంచం పడతాడని భార్య చెప్పింది. ఇలా మంచం పట్టించే దిగులు జబ్బుకూ పక్షవాతానికీ పుట్టుకతో వచ్చే కారణాలు కొన్ని ఉమ్మడిగా ఉండొచ్చని డాక్టరమ్మ అంది. అలాగని నుదుట రాసినట్టు అందరికీ రావాలని లేదు. పక్షవాతం తరవాత దిగులు పట్టుకోవడం కూడా మామూలే.

"ఆయన దిగులుక్కూడా మందు రాస్తాను. మీ మరిదికి బీపీ ఎప్పుడైనా చూపించారా?"

ఎవరూ చూపించలేదు. చూపిస్తే నూట డెబ్బై ఉంది.

తమ్ముడు బీపీకి రాసిన మందుచీటీ జేబులో పెట్టుకుని తిన్నగా అన్న గదికి వచ్చాడు. లేవమనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్న గోడవైపు నుంచే, "నీకూ ఇలాగే ఉండేదా?" అన్నాడు.

"ఉండేది అన్నయ్యా."

"నేనేమో పనిదొంగవన్నాను."

"నువ్వనకపోయినా నాకూ అలాగే అనిపించేదిలే."

మన్నించమని అన్న అడగలేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలు అలవాటు లేవు. మర్నాడు వ్యాయామం చేయించే ఆమె వస్తే మాత్రం కాదనలేదు.

దిగులు మందు పనిచేయడానికి నెలన్నర పట్టింది. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. ఇప్పుడు కొట్లో తీగ తమ్ముడు చుడతాడు, పక్కన కూర్చుని అన్న చుట్లు లెక్కపెడతాడు. నాలుగయ్యేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోతుంది, షట్టరు దించేస్తారు. పాతికేళ్లైనా నిండని కూతురికి కూడా ఏడాదికోసారి బీపీ చూపించమని మేస్త్రీ పోరుతున్నాడు. ఆమె నవ్వుతుంది, అయినా వెళ్లి చెయ్యి చాస్తుంది.