బావ గడ్డం, ద్రౌపది వేషం

మా గురప్ప బావ చేతులూ ముఖమూ ఒకే మనిషివంటే కొత్తవాళ్లు నమ్మరు. చేతులేమో శాంతిపురం చేలల్లో టమాటా, క్యాబేజీ పండించి, క్రేట్లు మోసి మోసి బండబారినవి. ముఖం మాత్రం పురిటిబిడ్డది. కుప్పంలో మేమంతా క్షవరానికి పోయే కిషోర్ ఒకసారి దండం పెట్టి మరీ పంపించేశాడు. "నీకు గడ్డం గీయాల్సిన పన్లేదన్నా. బ్లేడు సూపిస్తే సాలు, ఎర్రగయిపోతుంది" అన్నాడు.

ఇంకెవరికైనా అయితే గడ్డం పెంచుకొని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఏడాదికోసారి ద్రౌపదమ్మ గుడి దగ్గర ఆడే మా ఊరి భారతంలో ద్రౌపది వేషం కట్టేది ఈయనే. పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు పొద్దున మైదానంలో దుర్యోధన వధ, సాయంత్రం మొక్కున్నవాళ్లు తొక్కే నిప్పులగుండం. వధ కోసం మట్టితో అంత పొడుగు దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. భీముడు ఆ బొమ్మ తొడ పగలగొట్టాక ద్రౌపది వచ్చి, విరబోసుకున్న జుట్టు ముడుచుకుంటుంది. ఆ కాసేపు ఊరంతా ఆ వేషానికే అమ్మవారని మొక్కుతుంది. ఆ ఒక్క ముడి కోసం బావ ఏడాదంతా బతుకుతాడని మా అక్క మునీశ్వరి అంటుంది. పెళ్లిచూపుల్లో కూడా తన ముఖం కంటే జడనే ఎక్కువసేపు చూశాడట, సవరానికి కొలత తీసుకుంటున్నట్టు.

పోయినేడు వస్త్రాపహరణం నాడు కొంప మునిగింది. ఆడవాళ్ల బుగ్గల్లా నున్నగా రావాలని ఐదు బ్లేడ్ల రేజరొకటి కొని, పైకీ కిందికీ బరబరా గీకి, ఆ మీద రంగు పూసుకున్నాడు. సభలోకి అడుగు పెట్టేసరికి మంట మొదలయింది. దుశ్శాసనుడు చీర మీద చెయ్యి వేయకముందే ద్రౌపది బొటబొటా కన్నీళ్లు కార్చింది. జనం నటన అనుకొని ఒకటే చప్పట్లు. రంగు కడిగాక చూస్తే దవడలు బూరెల్లా పొంగాయి, మెడ నిండా పొక్కులు. నాటకంలో మద్దెల వాయించే శివ అంటే నేనే కాబట్టి అన్నీ దగ్గర్నుంచి చూశాను. ఆఖరి రోజు ఆ ముఖం చూస్తే, యుద్ధం చేసింది పాండవులా ఈయనా అని నాకే అనుమానం వచ్చింది.

మా నాటకం వాద్యారు కృష్ణప్ప. పాటలు నేర్పేదీ వేషాలు పంచేదీ ఆయనే. మొహమాటం లేని మనిషి. "గురప్పా, వచ్చే ఏటికి ముఖం బాగు సేసుకో. లేదంటే ద్రౌపదిని సాయికుమార్‌కిస్తా" అని తేల్చేశాడు. సాయికుమార్ గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ చేస్తాడు. మంచి గొంతు. గడ్డం ఉందో లేదో వెలుతురులో నిలబెట్టి వెతకాలి. ఆ రోజు బావ అన్నం ముందు కూర్చొని కూర్చొని లేచిపోయాడు. ఏమాటకామాట, నాకూ కష్టంగానే అనిపించింది. పైకి మాత్రం, "పోనీలే బావా, శకుని వేషం కట్టు, దానికి గడ్డం కావాల" అన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి అక్క పోరు పెట్టి మదనపల్లెలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు హేమలత ఆయన దవడలు తిప్పి తిప్పి చూసి, "మీరు గడ్డం గీసుకోవడం లేదు, చర్మం చెక్కుకుంటున్నారు" అందట. ఒకటే బ్లేడుండే పాతకాలం సేఫ్టీ రేజరు వాడమంది. వేడినీళ్లతో గడ్డం నానబెట్టాలి, బ్రష్షుతో సోపు నురగ పట్టించాలి, వెంట్రుక ఎటు వాలితే అటే గీయాలి, రేజరు బరువు తప్ప చేతి బరువు పడకూడదు. బావ వచ్చే దారిలో పుంగనూరులో దిగి రేజరు సెట్టు కొన్నాడు. మా నాయన కాలం నాటి వస్తువది. పిడి అడుగున మర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి. దాన్ని చూపిస్తూ కొత్త ట్రాక్టరు కొన్నవాడిలా ఊరంతా తిరిగాడు.

వచ్చిన చిక్కల్లా చేతి బరువు దగ్గర. క్రేట్లెత్తే చెయ్యి నొక్కకుండా ఉండమంటే ఎట్లా ఉంటుంది? అందుకని బుడగలు కొన్నాడు. బుడగ ఊది, దానికి నురగ పట్టించి, పగలకుండా గీయడం అభ్యాసం. పొద్దున్నే వాళ్లింట్లో ఠప్పు ఠప్పుమని చప్పుళ్లు. పక్కింటి అంజమ్మ ఎవరి పుట్టినరోజని అడిగింది. "మా ఆయనకు ముఖం కొత్తగా పుడతాండాదిలే" అంది అక్క.

కానీ బుడగలు పగలడం ఆగిపోయింది. చెయ్యి మెత్తబడింది. మెడ మీద వెంట్రుకలు కిందికి కాదు, చెవి వైపుకి వాలతాయని వేలితో తడిమి కనిపెట్టాడు. ఆ సంగతి కుప్పం మార్కెట్లో దొరికినవాడికల్లా చెప్పి, వాళ్ల మెడలు కూడా తడిమాడు. ఒక్క చుట్టు గీసుకోవడం, చన్నీళ్లు చల్లుకోవడం, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దుకోవడం. పొక్కులు పోయాయి. ఈ ఏడు వస్త్రాపహరణం నాడు రంగు కింద ముఖం చల్లగా ఉంది. ఏడవడానికి ఈసారి నిజంగానే నటించాల్సి వచ్చింది. వాద్యారు దగ్గరికొచ్చి బుగ్గ చూసి, "వేషం నీదేలేప్పా" అన్నాడు.

అక్కడితో ఆగితే ఆయన మా బావ ఎట్లా అవుతాడు?

అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కే రోజున, గుండం తొక్కేవాళ్లకు పూజారి పసుపు కంకణాలు కడతాడు. ఎప్పుడూ లేనిది బావ పోయి చెయ్యి చాపాడు. ముఖం బాగయితే కంకణం కట్టుకొని గుండం తొక్కుతానని అమ్మవారికి మొక్కుకున్నాడట. డాక్టరుకూ చెప్పలేదు, మాకూ చెప్పలేదు. ఎవరి మీదా పూర్తి నమ్మకం లేక ముఖాన్ని ముగ్గురికీ అప్పగించుకున్నాడు, డాక్టరుకూ, రేజరుకూ, ద్రౌపదమ్మకూ.

మర్నాడు పొద్దున నేను వాళ్లింట్లోనే ఉన్నాను. బావ పాట పాడుకుంటూ వేడినీళ్లు పెట్టుకొని, చెంపలకు నురగ పట్టించి, రేజరెత్తాడు. అక్క చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది.

"ఏమప్పా, కంకణం కట్టుకోని బ్లేడు పడతాండావా?"

కంకణం కట్టుకున్నవాళ్లు గుండం తొక్కిందాకా మాంసం తినరు, చెప్పులేసుకోరు, ఒంటికి కత్తి తగలనివ్వరు. మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతది. బావ కంకణం వైపు చూశాడు. రేజరు వైపు చూశాడు. నురగ బుగ్గల మీదే ఎండిపోయింది. గడ్డం చక్కగా గీసుకునే భాగ్యం కోసం మొక్కుకొని, ఆ మొక్కుతోనే గడ్డం గీసుకోలేకుండా పోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

నాకు నవ్వాగలేదు. ఆయన కళ్లు చూశాక ఆగింది.

పూజారి దగ్గరికి ఉరికాడు. కట్టిన కంకణం విప్పేది గుండం తర్వాతేనన్నాడు పూజారి. వాద్యారు దగ్గరికి పోయాడు. "రాత్రి నాటకంలో అయితే కొంగు కప్పుకోవచ్చు, పట్టపగలు జుట్టు ముడిసేటప్పుడు ముఖమంతా కనపడుతుంది గదప్పా, గడ్డం ద్రౌపదిని యాడన్నా సూసినావా?" అన్నాడాయన. రోజు రోజుకూ తెలుపూ నలుపూ కలిసి గడ్డం మొలుస్తూనే ఉంది. మొక్కు తప్పితే అమ్మకు ముఖం చూపించలేడు, తప్పకపోతే జనానికి చూపించలేడు. నేను ఎగతాళి మానేశాను. దాంతో ఆయనకు ఇంకా భయమేసినట్టుంది.

వధ రోజు పొద్దున్నే తనే సాయికుమార్‌కు కబురు పెట్టాడు. వాడు బిక్కుబిక్కుమంటూ వచ్చాడు.

"కూర్సో అప్పా. గడ్డం నేను గీస్తా."

"నాకు గడ్డమే లేదు గదన్నా."

"ఉండాది. రంగేసినాక మండేది ఆ కొంచెమే."

పరుల గడ్డం గీయకూడదని నియమంలో లేదని పూజారిని ముందే అడిగి వచ్చాడట. వేడినీళ్ల గుడ్డ కప్పాడు. నురగ పట్టించాడు. ఆ బండచేత్తో రేజరును అట్లా ఆనించి, వాలు చూసుకుంటూ వదిలాడు. సాయికుమార్ కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా చిన్న గాటు పడలేదు. తర్వాత బావే వాడికి చీర కట్టాడు, సవరం పెట్టాడు, జుట్టు విప్పి భుజాల మీద పరిచాడు. ఇంకా ఏమన్నా సర్దుదామని చూశాడు. ఏమీ లేదు. పక్కకు జరిగి జనంలోకి పోయాడు.

మైదానం నిండిపోయింది. భీముడు గదతో బొమ్మ తొడ పగలగొట్టాడు. నేను మద్దెల జోరు పెంచాను. ద్రౌపది వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి జుట్టంతా పోగుచేసి ముడి వేసింది. ఆడవాళ్లు గోవిందలు కొట్టారు. అంతలో జనాన్ని తోసుకుంటూ, పసుపు పంచె, మాసిన గడ్డంతో ఒక మనిషి ముందుకొచ్చి సాయికుమార్ కాళ్ల ముందు సాగిలపడ్డాడు. మా బావ.

సాయికుమార్ బెదిరి నా వైపు చూశాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. వాడు తేరుకొని, వంగి, బావ తల మీద చెయ్యి పెట్టి, వేషంలోంచి బయటికి రాకుండానే, "లెయ్ నాయనా" అన్నాడు. బావ లేవలేదు. భుజాలు కదులుతున్నాయి.

మద్దెల ఆపి దగ్గరికి పోయాను. "బావా, వేషం పోయిందని ఏడస్తాండావా?" అన్నాను. ఈసారి ఎగతాళి కాదు.

గడ్డం నిండా మట్టితో తలెత్తాడు. "లేదప్పా శివా. ఇన్నేండ్లూ ఊరంతా అమ్మకు మొక్కితే నేను వేషంలో ఆ పక్క నిలబడుకోని ఉండాను. నేనెప్పుడు ఎదురుగా వచ్చి మొక్కినాను? అమ్మను సూసింది ఈ పొద్దే."

నేను మెడలోంచి మద్దెల తీసి కింద పెట్టి, ఆయన పక్కనే నేలకు తల ఆనించాను.