నది అవతలి మేనల్లుడు

పోయిన శనివారం సార్నియా వెళ్లాను. బీచ్ చూడ్డానికి కాదు. ఒళ్లు మండి తిరిగొచ్చాను. కెనడాలో, మా కేంబ్రిడ్జ్‌లో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వేర్‌హౌస్‌కి ఈమధ్య స్టూడెంట్లు తెగ వస్తున్నారు, సగం మన తెలుగు పిల్లలే. వాళ్లతోపాటు సమ్మర్‌లో ఒకెల్లో అనే ఉగాండా కుర్రాడు పనిచేశాడు. మనవాళ్లను చూసి నన్ను అంకుల్ అనడం నేర్చుకున్నాడు. ఇప్పుడు సార్నియాలో కాలేజీ. శుక్రవారం ఫోన్ చేశాడు. "అంకుల్, అక్కావాళ్లు సోమవారం టెక్సస్ వెళ్లిపోతున్నారు. వాళ్ల బాబును ఒక్కసారి కళ్లారా చూడాలి." అక్క ఉండేది సార్నియాకు ఎదురుగా, నది అవతలి ఒడ్డున, పోర్ట్ హ్యూరన్‌లో. అంటే అమెరికా. ఆవిడకు కెనడా వీసా లేదు, వీడికి అమెరికా వీసా రెండుసార్లు రిజెక్ట్ అయింది.

ఉదయం తొమ్మిదికి 401 హైవే ఎక్కి, మా కెనడా లండన్ దగ్గర 402 పట్టుకుంటే పదకొండుకు సార్నియాలో ఉంటారు. రానూపోనూ పెట్రోలు నలభై డాలర్లు. బస్సును నమ్ముకుంటే రోజంతా పోతుంది. ఒకెల్లో రూమ్ బయటే నిలబడి ఉన్నాడు, చేతిలో పసుప్పచ్చ గుడ్డ మడతపెట్టి. వాళ్లమ్మ బాబు కోసం పంపిందట.

కారులో ఊరి సంగతులు చెప్పాడు. వాళ్లది బుసియా. సగం ఊరు ఉగాండాలో, సగం కెన్యాలో. అక్కను అవతలి సగంలోకి ఇచ్చారు. "రోజూ రాత్రి భోజనానికి వెళ్లేవాణ్ణి అంకుల్. వీసా లేదు. ఐడీ కార్డు చూపిస్తే చాలు."

"మీ తూర్పు ఆఫ్రికా దేశాలన్నీ కలిసి ఒకే నోటు అచ్చేస్తారంట కదరా. దాని మీద ఎవరి బొమ్మ?"

"అది తేలకే ఇంకా అచ్చవలేదు!" అని పగలబడి నవ్వాడు. తర్వాత కాస్త తగ్గి, "కొట్టుకుంటారు అంకుల్. ఒకరి పాలు ఇంకొకరు సరిహద్దులో ఆపేస్తారు, లారీలు రోజుల తరబడి నిలబడతాయి. అయినా నా అన్నం మాత్రం ఎవరూ ఆపలేదు" అన్నాడు.

బ్రిడ్జి కింద పార్కులో దిగాం. నది ఎంతనుకున్నారు? అవతల నడిచే మనుషులు కనపడతారు. నాకు మండింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నా జేబులో కెనడా పాస్‌పోర్టు ఉంది, దానికి అమెరికా వీసా అక్కర్లేదు. ఏ చుట్టరికమూ లేని నేను వెళ్లొచ్చు, మేనమామ వెళ్లకూడదు!

"ఆ గుడ్డ ఇటివ్వు. నువ్వు ఇక్కడే నిలబడు" అన్నాను.

బ్రిడ్జి టోల్ పది డాలర్ల లోపే. అవతల ఆఫీసర్ అడిగాడు, ఎందుకొచ్చావని.

"ఒక పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి."

"ఎవరి పిల్లాడు?"

"నా ఫ్రెండు మేనల్లుడు. మళ్లీ దించేస్తాను సార్."

నవ్వలేదు. ట్రంకు తెరిపించి, అరగంట కూర్చోబెట్టి పంపించాడు.

ఒడ్డు మీద ఒకెల్లో అక్క అకిన్యి ఎదురుచూస్తోంది. బాబుకు ఆ గుడ్డ చుట్టి నా చేతుల్లో పెట్టి, "పైకెత్తండి అంకుల్, తమ్ముడికి కనపడాలి" అంది. ఎత్తాను. అవతల ఒక చిన్న చుక్క రెండు చేతులూ ఊపుతూ ఎగురుతోంది. ఫోన్ స్పీకర్లో అరుపులు, "కనపడుతున్నాడు! పసుప్పచ్చగా కనపడుతున్నాడు!"

కాసేపటికి ఒకెల్లో మెల్లగా అడిగాడు. "అంకుల్, వాడి తల వాసన చూసి చెప్తావా?"

ముక్కు ఆనించి చూశాను. "పాలు. కొంచెం చెమట. కొంచెం కొబ్బరినూనె."

అకిన్యి నదివైపు చూస్తూ, "అమ్మ మాకూ అదే నూనె రాసేది" అంది.

మా లంచ్ రూములో ఆఫ్రికా అనగానే మొహం అదోలా పెట్టేవాళ్లున్నారు. వాళ్లకిదే చెప్తున్నాను. ఆ దేశాలు తిట్టుకుంటూనే, కొట్టుకుంటూనే, అక్క ఇంటికి తమ్ముడు అన్నానికెళ్లే దారి తెరిచాయి. ఇంత గొప్ప దేశాలు రెండు, ఇంత చిన్న నది, ఒక్క పిల్లాడి కోసం ఒక్క పూట తెరవలేకపోయాయి. తిరిగొచ్చేటప్పుడు దారంతా తిడుతూనే ఉన్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 402 మీద బ్రిడ్జికి ముందున్న ఆఖరి ఎగ్జిట్ దాటితే వెనక్కి తిరిగే దారి లేదు, నేరుగా అమెరికా గేటు దగ్గరే తేలతారు. అమెరికా వీసా లేని స్టూడెంట్లు కారులో ఉంటే ఆ ఎగ్జిట్‌ను అస్సలు వదలొద్దు. కెనడా పాస్‌పోర్టు మీ ఒక్కరికే ఉంటే మాత్రం, బ్రిడ్జి ఎక్కేముందు ఇవతల నిలబడ్డవాణ్ణి అడగండి, అవతల ఎవర్ని ఎత్తుకోవాలో.