అమ్మమ్మ మోకాలు ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు నేను చెయ్యని వెధవపని ఒక్కటే ఉంది. తన్నులు మాత్రం దానికే ఎక్కువ పడ్డాయి.

జగ్గయ్యపేట దగ్గర మా అమ్మమ్మగారి కల్లంలో ఎండబోసిన మిరపకాయల ఎరుపు నందిగామ దాకా కనిపించేదని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను. కాయలు అన్ని వైపులా ఎండాలంటే తిరగెయ్యాలి. అమ్మమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, పాదం ఎత్తకుండా కాయల అడుగున జార్చుకుంటూ నడిచేది. కాయ చిట్లితే గింజ రాలి సరుకు చెడుతుంది. ఆవిడ నడిస్తే కాయల కింద చీమకు కూడా నిద్రాభంగం అయ్యేది కాదు.

ఆ ఏడు ఆవిడకు కుడి మోకాలి నొప్పి మొదలైంది. కల్లంలో కాయలు చిట్లడమూ మొదలైంది.

"ఈ కోతి వెధవే తొక్కుంటాడు," అన్నాడు మావయ్య. మిగతాది నా వీపుకి తెలుసు. అమ్మమ్మ కూడా, "మళ్లీ ఇటొచ్చావంటే కాళ్లిరగ్గొడతా," అంది.

నేను అటు వెళ్లకపోయినా కాయలు చిట్లుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆవిడే నన్ను పిలిచింది. మంచమ్మీద కాళ్లు వేలాడేసి, కళ్లు మూసుకుంది.

"నా కుడికాలు కాస్త ఎత్తి పట్టుకోరా. ఎంత ఎత్తావో ఎడంకాలితో చూపిస్తా."

ఎత్తాను. ఎడమకాలు ఇంకెక్కడో ఆగింది. రెంటి మధ్యా ఎద్దులబండి పట్టేది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మళ్లీ ఎత్తమంది. మళ్లీ ఓడింది. మూడోసారి కళ్లు తెరిచి, తన కాళ్లను పరాయివాళ్లవాటిలా చాలాసేపు చూసింది. నా నవ్వు ఆగిపోయింది.

"నొప్పిదేముందిరా, ఓర్చుకుంటా. నా కాలు ఎక్కడుందో నాకే తెలవకపోతే ఎట్టా?"

సాయంత్రం కల్లంలో అందరి ముందూ చెప్పింది. "కాయలు తొక్కింది వాడు కాదు, నేను. నొప్పికాలు ఎక్కడ పడతందో నాకే ఎరిక లేదు. వాణ్ణి ఊరికే తన్నించా."

ఆ తర్వాత ఆవిడ కాయల్లోకి దిగలేదు. ఓ పక్కన కూర్చుని పాలిపోయిన తాలుకాయలు ఏరేది. చేతులు ఏరుతున్నా, చూపు మాత్రం నడిచేవాళ్ల పాదాల మీదే ఉండేది.

ఇప్పుడు నా మోకాళ్ల వంతు. నొప్పి వచ్చిన రోజు మెట్టు ఒకచోట, నా కాలు మరోచోట. మొన్న నందిగామ బస్టాండులో తూలిపడబోయాను. ఎవడో కాలు అడ్డం పెట్టాడని తిట్టడానికి నోరు తెరిచాను. అమ్మమ్మ గుర్తొచ్చి, ముందు వంగి చూసుకున్నాను.

నా కాలు పక్కాయన పాదం మీద ఉంది. తెరిచిన నోటితోనే, "తప్పు నాదేనండి," అన్నాను.