తువ్వాలు తీయించిన ఫొటో

మొన్న ఏదో గుర్తింపు కార్డుకు ఫొటో దిగాలంటే హన్మకొండలో ఒక దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, చలికి చెవులదాకా చుట్టుకున్న నా మఫ్లరు చూసి, తాతా అది తీసెయ్యండి, ముఖం మీద నీడ పడుతోంది అంది. దాని ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చలికి అనుకుంది కాబోలు, పాపం, లేచి వెళ్లి తలుపు మూసింది. నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను గాని, ముఖం మీద నీడ అన్న ఆ మాటే ఒకప్పుడు ఇంకొకరికి చెప్పిన పాపం నాది.

అవి నిజాం పాలన ఆఖరి రోజులు, నాకు ఇరవై రెండేళ్లు. మా నాన్న మిషన్ బడిలో పంతులు కావడంతో, ఊరు విడిచి వెళుతూ ఆ బడి నడిపిన ఇంగ్లీషు దొరసాని ఆయనకిచ్చిన మడత కెమెరా నా చేతికి వచ్చింది. వరంగల్‌లో మా మేనమామ స్టూడియోలో పెళ్లికొడుకులను, పుట్టువెంట్రుకల పిల్లలను తీస్తూనే, బెజవాడలోని ఒక వారపత్రికకు పల్లెల్లో జరుగుతున్న ఘోరాల ఫొటోలు చాటుగా పంపేవాణ్ని. కాజీపేటలో రైలింజను మీద పనిచేసే మా బావ ఆ ఫొటోలను అన్నం డబ్బా అడుగున పెట్టుకుని నిజాం సరిహద్దు దాటించేవాడు. దొరికితే ఇద్దరమూ జైల్లోనే.

నిజాం తరఫున ఊళ్ల మీద పడి తగలబెట్టే ఖాకీ వాలంటీర్ల కవాతులు తీశాను, వాళ్లు వెళ్లిపోయాక బూడిదలో గిన్నెలు వెతుక్కునే ఆడవాళ్లను తీశాను, వాళ్లకు ఎదురు తిరిగి అడవిలో తుపాకులు పట్టిన దళాలను తీశాను. ఎవరిది న్యాయమో నాకు తెలియక కాదు. కాని కెమెరా ముందు నిలబడితే ఏ పక్షంవాడైనా ఛాతీ ఒక్క తీరుగానే విరుచుకునేవాడు, ఆ తర్వాత శవాలూ ఒక్క తీరుగానే ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఆ పనంటే నాకు ఒళ్లంతా అలసటగా ఉండేది, అయినా పిలుపు వస్తే కాళ్లు ఆగేవి కావు.

ఒకసారి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో ములుగు దాకా పోయి, అక్కడినుంచి రెండు రోజులు ఏటూరునాగారం అడవిలో నడిచి ఒక దళాన్ని కలిశాను. ఏడుగురు వరసగా నిలబడ్డారు. చివరివాడు మా వరంగల్ కొత్తవాడలో తివాచీలు నేసే కుర్రవాడు, నాకంటే రెండేళ్లు చిన్న. కళ్లు తప్ప ముఖమంతా తువ్వాలుతో కప్పుకున్నాడు. వాళ్ల నాయకుడు, వాడి ఇష్టం, వదిలెయ్యమన్నాడు. నాకేమో స్టూడియో అలవాటు. మా మేనమామ నేర్పిన మొదటి పాఠమే ముఖం మీద నీడ ఉండకూడదని. తువ్వాలు తియ్యమన్నాను.

“వద్దన్నా, ఇంటికాడ మా అవ్వ ఒక్కతే ఉంటది. నేను సోలాపూర్ల మగ్గం నేస్తాన్న అనుకుంటాంది,” అన్నాడు.

బెజవాడ పత్రిక వరంగల్‌లో ఎవరు చూస్తారని నవ్వాను. ముఖం మీద నీడ పడుతోంది, జర తియ్యి తమ్మీ అని మళ్లీ అడిగాను. తీశాడు. సిగ్గుపడుతూ నవ్వాడు కూడా. నేను తీసినవాటిలో అంత చక్కటి ఫొటో ఇంకొకటి లేదు.

నెల తిరక్కుండానే పత్రిక వరంగల్ చేరింది. పోలీసులు ఆ పేజీ పట్టుకుని వాడవాడా తిరిగారు. ఆ వానాకాలం తల్లికి జ్వరమని కబురంది చూడటానికి వచ్చిన కుర్రవాణ్ణి, కాపు కాసి వాళ్ల సందు మొదట్లోనే కాల్చేశారు.

కొన్నాళ్లకు ఆ తల్లి మా స్టూడియోకు వచ్చింది. తీసింది నేనని ఆమెకు తెలియదు. ఇంట్లో కొడుకు ఫొటో ఒక్కటీ లేదట, పోలీసుల కాగితంలో ఉన్నది ఎక్కడైనా సంపాదించి ఇవ్వగలనా అని అడిగింది. అడిగి, నేల చూస్తూ అంది: “నోరు జారితి బిడ్డా. ఏడాదాయె వాని మొఖం సూడక. పోలీసోళ్లు కాయితం సూపిచ్చి ఎవలంటే, నా కొడుకే అని సంబురంగ చెప్పిన.”

తప్పు నీది కాదమ్మా, వాడు కప్పుకున్న ముఖాన్ని విప్పించింది నేను అని అప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను. పోలీసులకు కాదు, ఆమెకు. బెజవాడ నుంచి తెప్పిస్తానని అబద్ధమాడి, నా పెట్టెలోనే ఉన్న నెగెటివు తీసి, తుపాకీ కనబడకుండా ముఖం మటుకు పెద్దది చేసి ఇచ్చాను. ఆమె కొంగుతో దాన్ని తుడిచి తుడిచి చూసింది.

“ఎంత మంచిగ వడ్డది మొఖం. తీసినోని చెయ్యి సల్లగుండ,” అంది.

ఇప్పుడు మా మనవల ఫోన్లలో వేలకొద్దీ ముఖాలు, తీసిందెవరో ఎవరికీ పట్టదు. కొత్తవాడలో మగ్గాల చప్పుడు సన్నగిల్లింది, ఆ సందులో మేడలు లేచాయి, ఆ తల్లీకొడుకుల సంగతి అడిగినా చెప్పేవాళ్లు లేరు. కొడుకును తానే పట్టిచ్చానన్న బాధతోనే ఆమె మరో పన్నెండేళ్లు బతికింది. ఆ పన్నెండేళ్లూ నేను అదే స్టూడియోలో, ఆమె ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్నాను.