స్తోత్రంతో పాటు పడిపోయిన పొడి

నీళ్ళను పల్చగా పుట్టించి, వాటిని చిక్కబరిచే తెలివి మనిషికి వదిలేసిన దేవునికి స్తోత్రం. చెట్టులో నార పెట్టినవాడు ఆయనే, పత్తికాయలో దూది పెట్టినవాడు ఆయనే. ఆ నారనూ దూదినీ మందులతో ఉడికించి, తెల్లటి పొడి చేసి, దాన్ని షాంపూలో కలిపి, "మంచి సరుకు" అని అమ్ముకున్న మాలాంటివాళ్ళను ఇంకా భూమ్మీద ఉండనిస్తున్నవాడూ ఆయనే. మహిమ ఆయనకే కలుగును గాక.

కువైట్‌లో నా పని అదే. అమ్ఘరాలో పాత ఇనుప సామాను కొట్ల వెనక ఒక రేకుల షెడ్డు. అందులో షాంపూ, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, గోడలకు వేసే రంగు తయారయ్యేవి. మూడింటిలోనూ అదే పొడి. రంగులో వేస్తే గోడ మీంచి కారదు, షాంపూలో వేస్తే అరచేతిలోంచి జారదు. తల మురికి పోగొట్టడంలో దానికి ఏ పాత్రా లేదు. కానీ కొనేవాళ్ళు సీసాను తలకిందులు చేసి చూస్తారు. లోపలి గాలిబుడగ నిదానంగా పైకెక్కితే మంచి సరుకు, టక్కున ఎక్కితే దొంగ సరుకు. సంఘాల్లోనూ అంతే చూశాను. గొంతు చిక్కగా ఉన్న బోధకుణ్ణి, నీ దగ్గర వాక్యం ఎంత ఉందయ్యా అని ఎవరూ అడగరు.

ఇరాక్ సైన్యం వచ్చిన తొంభై ఆగస్టులో, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ తన కుటుంబంతో సౌదీకి దాటిపోయాడు. పోతూ తాళాలు నా చేతికిచ్చి, "దేవుడు నిన్ను చూసుకుంటాడు" అన్నాడు. అంటే తను చూసుకోడని అర్థం.

మేం అద్దెకుండే ఫర్వానియా గదుల్లో సైనికుల సోదాలు ఎక్కువయ్యాక మా సంఘం షెడ్డుకు వచ్చి చేరింది. సంఘమంటే అప్పటికి మిగిలింది నలుగురం. నేను. అరబ్బు ఇంట్లో వంటచేసే మా సంఘ పెద్ద. షెడ్డు హాఫ్ లారీ నడిపే డ్రైవరు. అతని భార్య. ఆమెకు నెలలు నిండుతున్నాయి. బాగ్దాదు మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోయే బస్సుల దగ్గర మనుషులు ఒకరినొకరు తొక్కుకుంటున్నారు. ఆ తోపులాటలోకి ఆమెను తీసుకుపోలేం. హాఫ్ లారీ ఉంటేనే ఆమె కదలగలదు. కానీ దాని తాళంచెవిని వీధి మొదట్లో కాపలా ఉన్న ఇరాకీ సార్జెంటు జేబులో వేసుకున్నాడు.

నేను వెళ్ళి బతిమాలాను. అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నువ్వు షాంపూవాడివి కదా? మా వాళ్ళ తలలు చూడు, మేకలకన్నా హీనం. డబ్బా నిండా చేసివ్వు, తాళం ఇస్తా. నిన్న ఒకడు నీళ్ళు కలిపి ఇచ్చాడు. నువ్వూ అట్లాంటిదే ఇచ్చావా, లారీ ఖలాస్."

షెడ్డులో అసలు సబ్బు ద్రవం డ్రమ్ము అడుగున కొంచెం మిగిలింది. అది బాగా ఉంటే ఉప్పు వేసినా చిక్కబడుతుంది. అంత పల్చటిదానికి ఉప్పు పనిచేయదు. మిగిలిన దారి పొడే. అది అర సంచి ఉంది.

చన్నీళ్ళు పట్టి మోటారు వేశాను. నీళ్ళు తిరిగి మధ్యలో సుడి పడింది. పొడిని ఆ సుడిలో ఉప్పు చల్లినట్టు చల్లాలి. ఒక్కసారిగా పడితే పైపొర నాని జిగురైపోతుంది, లోపలి పొడి ఎండుగానే ఉండిపోతుంది. ఆ ఉండలను ఇక విడగొట్టడం మహా కష్టం. ఇదంతా చెప్పాను. సంఘ పెద్ద సంచి లాక్కున్నాడు.

"యాభై మందికి సంకటి కెలికినోణ్ణి. పిండి పోసేది నువ్వు నాకు నేర్పిస్తావా తమ్ముడూ?"

నిజం చెప్పాలంటే బాగానే చల్లుతున్నాడు. అంతలో డ్రైవరు, ప్రార్థన లేకుండా పని మొదలుపెట్టామే అని గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. భార్యను తలుచుకున్నాడేమో, ప్రార్థన మంచి ఊపులోకి వచ్చింది. "స్తోత్రం!" అని అరిచాడు. మా సంఘంలో స్తోత్రం అన్నాక చేతులెత్తకుండా ఉన్న మనిషి లేడు. ముప్పై ఏళ్ళ అలవాటు. సంఘ పెద్ద రెండు చేతులూ ఎత్తాడు. సంచి డ్రమ్ములో పడింది.

కళ్ళు తెరిచేసరికి డ్రమ్ము నిండా గోలీకాయలంత ఉండలు.

"దేవుని చిత్తం" అన్నాడు సంఘ పెద్ద.

"దేవుణ్ణి ఎందుకన్నా లాగుతావు? అవి నీ చేతులు" అన్నాను.

"స్తోత్రానికి ఎత్తిన చేతులు."

"ఎత్తే ముందు సంచి కింద పెట్టొద్దని ఏ వాక్యంలో ఉందో చూపించు!"

డ్రైవరు గోడకు ఆనుకుని ఏడుపు ముఖం పెట్టాడు. అతని భార్య మాత్రం డ్రమ్ములో చెయ్యిపెట్టి ఒక ఉండను వేళ్ళతో నలిపింది. అది చితికింది. "గుడ్డలో వేసి పిసికితే పోతాయన్నా ఇవి. పల్చటి గుడ్డ ఏమన్నా ఉండాదా?"

ఉంది. ఒకే ఒకటి. ప్రభువు బల్ల మీద రొట్టె కింద పరిచే తెల్లగుడ్డ. సంఘ పెద్ద తన పెట్టెలో, బైబిలు కింద మడతపెట్టి దాచుకున్నది. అందరం ఆ పెట్టె వైపే చూశాం.

"దాని మీద చెయ్యి వేయొద్దు" అన్నాడు ఆయన. "అది పరిశుద్ధమైంది."

ఆమె నడుం పట్టుకుని మెల్లగా ఒక డబ్బా మీద కూర్చుంది. "అన్నా, ప్రభువు నిన్ను లెక్క అడిగేది గుడ్డకా, నా కడుపులో బిడ్డకా?"

ఆయన తనే పెట్టె తెరిచి గుడ్డ తెచ్చి డ్రమ్ము మీద పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా నలుగురం పిసికాం. వంతులు వేసుకోమంటే ఆయన వినలేదు. వేళ్ళు నాని ముడతలు పడ్డా గుడ్డ కొస వదల్లేదు. చివర్లో సబ్బు ద్రవం కలిపాను. ఫర్వాలేదు, చిక్కగానే వచ్చింది.

సాయంత్రం కాకముందే సార్జెంటు ఇద్దరు సైనికులతో వచ్చాడు. ఒక సీసాలో పోయించుకుని తలకిందులు చేశాడు. బుడగ ముసలివాడు మెట్లెక్కినట్టు ఎక్కింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే బుడగ వెనకాలే, మా కంటికి చిక్కని ఉండ ఒకటి తేలుతూ వచ్చింది.

"ఇదేంటి?"

విటమిన్ అందామని నోరు తెరిచాను. దేవుడు నన్ను క్షమించాలి, మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంఘ పెద్ద ముందుకొచ్చాడు. "ఘలత్" అన్నాడు, తప్పు జరిగిందని. తన చేతులు చూపించాడు. ఎట్లా జరిగిందో నేను అరబ్బీలో చెప్పాల్సి వచ్చింది.

సార్జెంటు ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. సైనికులకు చెప్పి మళ్ళీ నవ్వాడు. "ఏదీ, ఎట్లా ఎత్తాడో చూపించమను! యల్లా!"

ఆయన మొహం ఎర్రబడింది. అయినా చేతులెత్తాడు. ఎత్తిన చేతులు ఖాళీగా ఉంచడం ఆయన వల్ల కాదు కదా, ప్రార్థన మొదలుపెట్టాడు. తెలుగులో. సార్జెంటు కోసం, సార్జెంటు తల్లి కోసం, ఆ సైనికుల తలల్లో పేల కోసం కూడా. మా సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెడితే ఎసట్లో బియ్యం అన్నమై మాడిపోతుంది. మేం ఆదివారాలు భరించినవాళ్ళం, నిలబడ్డాం. సైనికులు కాళ్ళు మార్చుకున్నారు. సార్జెంటు నవ్వు మానేశాడు. గడియారం చూశాడు. ఆయన గొంతు ఇంకా పెరిగింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు నాతో.

"నీ కోసం ప్రార్థిస్తున్నాడు."

"ఎప్పుడు అయిపోతుంది?"

"తెలియదు" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన పూర్తి నిజం అది.

"ఖలాస్, ఖలాస్!" సార్జెంటు జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "తీసుకో. పోండి. ఆయన్ని మాత్రం ఆపమను."

సంఘ పెద్ద ఆమేన్ దాకా వెళ్ళే ఆపాడు.

హాఫ్ లారీ వెనక పరుపు వేసి ఆమెను పడుకోబెట్టుకుని వెళ్ళాం. జోర్డాన్ సరిహద్దు అవతల గుడారాల శిబిరంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ సార్జెంటు పేరు మేం అడగలేదు. అతని సైన్యం తిరిగి పారిపోయిన దారి మీద అమెరికా విమానాలు ఎట్లా బాంబులు కురిపించాయో తర్వాత పేపర్లలో చూశాను. కాలిపోయిన బళ్ళ ఫొటోల్లో ఏ మొహమూ కనబడదు. చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, ఒక్క నిమిషం నాతో కలిసి కళ్ళు మూసుకోండి. తండ్రీ, ఆ మనిషి ఇల్లు చేరి ఉంటే ఆ ఇంటిని కాపాడు. చేరకపోతే, అతను మాకు దారి వదిలాడని జ్ఞాపకం చేసుకో. ఆమేన్ అనండి.