ఏనుగుకు కూడా రెండు చేతులు

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. ఇరవై ఏళ్ళ వయసులో ఎవరు ఏమడిగినా "వస్తది" అనేవాణ్ణి. బండికి ఇరుసు బిగించడం వస్తదా అంటే వస్తది, ఉర్దూలో అర్జీ రాయడం వస్తదా అంటే వస్తది. తీరా ఈ వయసులో తీరిగ్గా కూర్చుని చూసుకుంటే నాకు నిజంగా వచ్చినవి రెండే పనులని తేలింది. ఒకటి కుంచె పట్టడం, రెండోది అన్నం తినగానే నిద్రపోవడం. రెండో విద్య పుట్టుకతోనే వచ్చింది. మొదటిది ఎలా వచ్చిందో చెబితే మా మనవలు నమ్మరు, మీరైనా నమ్ముతారేమో చూస్తాను.

మాది ఆలూరు. మా బాపు మోట తోలేవాడు. ఇప్పటివాళ్ళకు మోట తెలియదు కనుక చెబుతున్నాను. బావి ఒడ్డున ఎడ్లను ముందుకు తోలితే తోలు బొక్కెన నీళ్ళతో పైకొస్తుంది, వెనక్కు నడిపిస్తే కిందికి దిగుతుంది. వాటితో పాటు మనిషి కూడా పొద్దంతా ముందుకూ వెనక్కూ నడవాలి. కోసుల కొద్దీ నడిచినా సాయంత్రానికి బయలుదేరిన చోటే ఉంటాడు. ఆ నడక నా వల్ల కాదని, మొయినాబాదులో రంగుల పని నేర్చుకుంటానని ఎదురు తిరిగాను. బాపు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "జొన్న కోతల దాక చూస్త. గాలోపట సాయబు నిన్ను పనోడని ఒప్పుకుంటె మంచిది. లేకుంటె మోట కాడికి రా" అన్నాడు. అంతే, ఆ మాట మీద మరో మాట లేదు.

బాపు చెప్పిన సాయబును అందరూ రంగుసాయబు అనేవారు, నేను ఉస్తాద్ అనేవాణ్ణి. జట్కా బండ్లకు పూలు, పెళ్ళిపీటలకు చిలకలు, దుకాణాలకు బోర్డులు వేసేవాడు. తెల్లటి గడ్డానికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది కాబట్టి ఆ రోజు పనేమిటో గడ్డం చూసి చెప్పొచ్చు. షహర్‌లో (అంటే పట్నంలో) పుట్టి పెరిగినవాడు, ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాడు. (ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో నాకప్పుడు తట్టలేదు.) మొదటి రోజు "ఎప్పుడన్న రంగు ఏసినవా?" అని అడిగాడు. "శాన ఏసిన" అన్నాను. నేను వేసింది రెండు జతల ఎడ్ల కొమ్ములకు, అందులోనూ ఒక ఎద్దు ఒప్పుకోలేదు. మూడు నెలలు రంగులు నూరించి, కుంచెలు కడిగించాడు. అప్పుడొచ్చింది సురంగల్ పటేల్ బేరం.

సురంగల్ పటేల్‌కూ, చేవెళ్ళలో ఉండే ఆయన వియ్యంకుడికీ చదరంగం పిచ్చి. వియ్యంకుడు ప్రతి బేస్తారం నాడు, అంటే గురువారం, బండి కట్టుకుని వచ్చేవాడు. పటేల్ ఊళ్ళో వడ్లాయన చేత ముప్పై రెండు బొమ్మలు ముచ్చటగా చెక్కించాడు. బొటనవేలంత భటులు, వాళ్ళ చేతుల్లో బల్లేలు, మంత్రికి గడ్డం, గుర్రానికి జూలు, అన్నీ కుదిరాయి. ఒక్కటే లోపం, రెండు సైన్యాలూ ఒకే టేకు దుంగలోంచి వచ్చాయి. ఆట సగానికి వచ్చేసరికి ఎవరి బొమ్మ ఏదో తెలిసేది కాదు. "బావా, అది నా ఏనుగు" అని ఒకరు, "నీ ఏనుగు ఇందాకనే సచ్చింది గద బావా" అని ఇంకొకరు. ఒకసారైతే వియ్యంకుడు తన మంత్రిని తానే కొట్టి, మీసం తిప్పి, గెలిచానని అల్లుడికి కూడా కబురు పంపాడు. ఆ తరువాత మూడు వారాలు రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. అందుకని ఒక పక్షానికి ఎరుపు, ఒక పక్షానికి ఆకుపచ్చ వేయించాలని పటేల్ బొమ్మలను బుట్టలో పెట్టి పంపాడు.

అదే సమయానికి ఉస్తాద్ కూతురికి షహర్‌లో కాన్పు. పది రోజులు ఉండి రావాలి. పోయే ముందు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిన్న బొమ్మకు రంగు ఎట్లా వేయాలో అక్షరాభ్యాసంలాగా చెప్పాడు. "మొదలు సుద్ద, చింతగింజల జిగురు కలిపి పుయ్యి. లేకుంటె కట్టె నీ రంగునంత తాగుతది. బొమ్మను చేత్తోని పట్టకు, జొన్నదంటు ముక్క మీద మైనంతోని నిలబెట్టి దంటును పట్టు. రంగు పాల లెక్క ఉండాలె, పెరుగు లెక్క కాదు. కుంచె మూతి తడిస్తె చాలు, మెడ దాక ముంచకు. బట్టల మడతలల్ల జర నల్లనీళ్ళు పోనియ్యి, మీదిది తుడుచుకో, మడత మంచిగ లేస్తది. కండ్లు ఆఖరుకు పెట్టు." నేను ప్రతిదానికీ తల ఊపుతున్నాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. "ఇగ అసలు ముచ్చట ఇను. ప్రతి బొమ్మకు రెండు చేతులు ఎయ్యాలె. ఒక్క చెయ్యి ఏసి ఇడిసిపెట్టేటోడు పనోడే కాడు. ఒక చెయ్యి ఎయ్యి, ఎండనియ్యి, అప్పుడు రెండో చెయ్యి ఎయ్యి. సమజైందా?"

(రంగుల పని తెలిసినవారు ఈపాటికే నవ్వుతుంటారు. తెలియనివారు నాతో పాటు ఇంకాసేపు అమాయకంగా ఉండండి.) నాకు సమజ్ కాలేదు. భటులకు వడ్లాయన చెక్కిన చేతులు రెండేసి ఉండనే ఉన్నాయి. కానీ అన్నీ వచ్చని చెప్పినవాణ్ణి, ఏమని అడుగుతాను? ధైర్యం చేసి "గుర్రాలకు గూడనా ఉస్తాద్?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గుర్రమేం పాపం చేసింది? గుర్రానికి, ఒంటెకు, ఏనుగుకు, అందరికీ రెండు. రాజుకు మూడేసిన తప్పులేదు, పటేల్ ఖుషీ అయితడు" అని జట్కా ఎక్కి వెళ్ళిపోయాడు.

పది రోజులు నేను చేసిన కష్టం ఏ శిల్పీ చేసి ఉండడు. సుద్ద పూశాను, దంట్ల మీద నిలబెట్టాను, పాలలాంటి రంగును పలచగా ఒక్కసారి పూశాను. (రెండోసారి పూయమని నాకెవరూ చెప్పలేదు కదా.) కింద సుద్ద తెలుపు కనిపిస్తూనే ఉన్నా పట్టించుకోలేదు, ఎందుకంటే నా మనసంతా చేతుల మీదే ఉంది. భటుల పాత చేతులు బల్లెం పట్టుకుని ఉన్నాయి, నేను వాళ్ళ ఒంటి మీద కుంచెతో గీసే కొత్త చేతులు ఖాళీ. ఖాళీ చేతులకు ఏం పని చెప్పాలన్నది పెద్ద చిక్కు. ఒకడి చేత మీసం తిప్పించాను, ఒకడివి నడుం మీద పెట్టించాను, ఒకడు పక్కవాడి భుజం మీద వేసినట్టు చూపించాను. ఆటలో పక్కవాడు ముందుకు జరిగితే ఆ చేయి గాల్లో మిగిలిపోతుందని అప్పుడు తోచలేదు. గుర్రాలకు తమ కళ్ళేలు తామే పట్టుకునే వీలు కల్పించాను. ఒంటెలకు గడ్డం కింద ఆనించుకునే చేతులు పెట్టాను, దాంతో వాటికి బాగా దిగులు పడుతున్న చూపు వచ్చింది. ఏనుగులకు తొండానికి అటొకటీ ఇటొకటీ వేసి దండం పెట్టించాను. రాజుకు కొత్తవి మూడు కాబట్టి ఒక చేయి కిరీటం మీద, ఒక చేయి అభయమిస్తూ, మూడోదానికి పని దొరక్క పాన్ పట్టించాను. ఉస్తాద్ మాట జవదాటకుండా ముందు రోజు అందరికీ ఒక చేయి వేసి, ఎండనిచ్చి, మరునాడు రెండోది వేశాను. ఆ మధ్యలో ఒక రోజంతా భటులు మూడేసి చేతులతో ఎండలో నిలబడ్డారు.

బేస్తారం నాడు బుట్ట నెత్తిన పెట్టుకుని సురంగల్ పోయాను. ఉస్తాద్ షహర్ నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు, మనవడు పుట్టిన సంతోషంలో గడ్డం కూడా శుభ్రంగా ఉంది. పటేల్, వియ్యంకుడు చదరంగం పలక ముందు కూర్చున్నారు. నేను బుట్ట మీది గుడ్డ తీశాను. అందరూ బుట్ట మీదికి వంగారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

పటేల్ ఏనుగును తీసుకున్నాడు. "ఇదేందిరా?"

"ఏనుగు పటేలా."

"ఏనుగని నాకెరుకనే. గివేంది?"

"చేతులు పటేలా. రెండేసిన."

"రాజుకు ఐదున్నయేందిరా?" అన్నాడు వియ్యంకుడు, వేలితో లెక్కపెట్టి.

"రాజుకు మూడెయ్యమన్నడు ఉస్తాద్. పాతయి రెండు, కొత్తయి మూడు."

అందరూ ఉస్తాద్ వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అరే నాదాన్! చెయ్యి అంటె రంగు పూసుడురా! ఒకపారి పూస్తె ఒక చెయ్యి, రెండుపార్లు పూస్తె రెండు చేతులు. దో హాత్! మా పనోళ్ళ మాట గది!" అని నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. (ఆయన సొంత చేయి.)

పటేల్ ముఖం ఎర్రబడింది. "గీకి పారెయ్యుండ్రి. మల్ల ఏపియ్యుండ్రి. వీణ్ణి మాత్రం నా గడప తొక్కనియ్యకు సాయబూ" అన్నాడు. నాకు అక్కడికక్కడే మోట గిరక చప్పుడు వినిపించింది. కాళ్ళు వాటంతటవే ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేశాయి.

అప్పుడు లోపలి నుంచి పటేల్ తల్లి వచ్చింది. చూపు మందగించిన ముసలామె. ఒక భటుణ్ణి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది, వేళ్ళతో తడిమింది, లెంపలేసుకుంది. ఆ తరువాత దండం పెడుతున్న ఏనుగును చూసేసరికి ఆమెకు ఇక అనుమానమే మిగల్లేదు. "ఎవల్రా గీకెటోడు? నాలుగు చేతులున్నోన్ని గీకుతార్ర? కండ్లు పోతయ్ కొడుకా."

"అవ్వా, గవి చదరంగం బంట్లే" అన్నాడు పటేల్.

"బంట్లైతె నాలుగు చేతులెందుకుంటయిరా?"

పటేల్ మా ఇద్దరి వైపు చూశాడు. మేమిద్దరం బుట్ట వైపు చూశాము. అవ్వ పలక పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆడుకోవచ్చు గానీ చంపడం కుదరదని తీర్పు చెప్పింది. ఓడిన బొమ్మను ఇత్తడి పళ్ళెంలో పెట్టి, ముందు బెల్లం ముక్క ఉంచాలి. వియ్యంకుడు అలవాటుగా "నీ గుర్రాన్ని చంపుతున్న బావా" అనేసరికి అవ్వ "ఏమన్నవ్ అల్లుడా?" అంది. ఆయన గుటక మింగి, "చంపుత లేనత్తా, పళ్ళెంలకు రమ్మంటున్న" అన్నాడు. ఆ పూట ఎవరి బొమ్మ ఏదని ఒక్క తగువు రాలేదు, ఒక్క గొంతు పెరగలేదు. ఆట ముగిసేసరికి ఇద్దరూ కలిసి బెల్లమంతా తినేశారు. (మేము క్రైస్తవులం, మా దేవుని బిడ్డల సంఘంలో ఈ వార్త వేరే తోవలో చేరింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు బాపును ఆపి, మీ వాడు పటేల్ ఇంట్లో దేవుళ్ళను చేశాడట కదా అని అడిగారట. "దేవుండ్లను చెయ్యలే అయ్యగారూ, తప్పు చేసిండు" అన్నాడట బాపు.)

ఆ సాయంత్రం ఉస్తాద్, నేను మొయినాబాదుకు నడిచి వచ్చాము. ఆయన ముందు, ఖాళీ బుట్టతో నేను వెనక. దారి పక్క జొన్న కంకులు బరువెక్కి ఉన్నాయి, వారంలో కోతలు. ఇక ఆగలేక, "ఉస్తాద్, రేపటి సంది రావొద్దా?" అన్నాను.

ఆయన తిరగకుండానే అడిగాడు. "గా వేళ్ళు ఏ కుంచెతోని ఏసినవ్?"

"ఉడుత తోక కుంచెతోని. ఒక్క వెంట్రుక ఉంచి కడమయి కత్తిరించిన."

"నా మంచి కుంచె."

"అవునుస్తాద్."

ఇంకొంత దూరం నడిచాడు. "గోర్లు గూడ ఏసినవ్."

"ఏసిన."

"గోర్లు ఎయ్యమని నేను చెప్పిన్నా?"

"చెప్పలే. వేళ్ళున్నంక గోర్లు లేకుంటె మంచిగ అనిపియ్యలే ఉస్తాద్."

అప్పుడు ఆగాడు. వెనక్కు తిరిగి, కుంచె పట్టే నా చేతిని తీసుకుని, కొనబోయే ఎద్దు పళ్ళు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ బాపుకు చెప్పు, పనోడేనని. చెవులు లేవు గని, పనోడే" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద నలభై ఏళ్ళు కుంచె పట్టి బతికాను. ఇప్పుడు అద్దాలు పెట్టుకున్నా బొటనవేలంత బొమ్మకు వేలు కాదు కదా, మోచేయి కూడా వేయలేను. ఎవరేం చెప్పినా మొదటిసారే అర్థమవుతుంది, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడుగుతాను కూడా. కానీ ఎవరూ చెప్పని గోళ్ళు గీసే పొగరు మాత్రం ఎప్పుడో నాకు తెలియకుండానే పోయింది. ఒంటెకు చేతులు పెట్టిన ఆ ఇరవై ఏళ్ళ తిక్కలోడు గుర్తొస్తే కడుపుబ్బ నవ్వుకుంటాను. నవ్వు ఆగాక కాసేపు వాడి మీద అసూయ పడతాను.